ఐసు ఫ్యాక్టరీ మేడ మీద యుద్ధం

ఆగస్టు 10, ఆదివారం

ఈ రోజుతో సరి. అచ్చిబాబు మొహం ఇక ఈ జన్మలో చూడను.

జరిగింది జరిగినట్టు రాసిపెట్టుకోవాలి. లేకపోతే నాలుగు రోజులకి నేనే మెత్తబడిపోతాను. ఐసు ఫ్యాక్టరీ మేడ మీద ఎప్పటిలాగే మా ఆదివారం యుద్ధం. నా గుర్రపుదళం వాడి రాక్షసుల్ని నడిమికి చీల్చేసింది. వాడి సేనాపతి బతకాలంటే పాచిక మీద ఆరు పడాలి, ఇంకేం పడినా చచ్చినట్టే. సరిగ్గా అప్పుడే వాడి బావమరిది రాజేంద్ర ఇద్దరు రొయ్యల మేత డీలర్లని వెంటేసుకుని పైకొచ్చాడు. తల నెరిసిన ఇద్దరు మగాళ్ళు బొటనవేలంత బొమ్మలతో కొట్టుకోవడం వాళ్ళకి మంచి కాలక్షేపం.

అచ్చిబాబు పాచిక తీసుకున్నాడు. గుప్పిట్లో ఆడించలేదు, విసరలేదు. బల్ల మీద అలా పెట్టేశాడు. ఆరు.

"అచ్చిబాబు గారూ, అది వెయ్యడం కాదండి, పెట్టడం. మళ్ళీ వెయ్యండి," అన్నాను.

"చెయ్యి జారిందండి మేష్టారూ," అన్నాడు. అదీ గొణుగుతూ.

"జారితే మళ్ళీ వెయ్యండి."

"పడింది పడినట్టేనండి."

జారిన చేతికి ఆరే దొరికిందా! "మీరు చేసింది మోసం," అనేశాను, అందరి ముందూ. రాజేంద్ర పళ్ళికిలించి, "బొమ్మలాటలో కూడా మోసమేంటి బావా," అన్నాడు. డీలర్లు నవ్వారు. అచ్చిబాబు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. కోపం లేదు, సిగ్గు లేదు, కనుబొమ్మయినా కదలలేదు. తిరిగి నాలుగు తిట్టినా ఇంత మండేది కాదు.

విసురుగా దిగి వచ్చేశాను. స్కూటర్ స్టార్ట్ చేశాక గుర్తొచ్చింది, నా సైన్యమంతా వాడి బీరువాలోనే ఉండిపోయింది.

ఆగస్టు 11

వాడే ఫోన్ చేసి తప్పయిందని చెప్పాలి.

ఆగస్టు 13

చెయ్యలేదు.

ఆగస్టు 15, శుక్రవారం

కాలేజీలో జెండా వందనం అయ్యాక స్టాఫ్‌రూమ్‌లో ఎవరో అడిగారు, "మణిశంకర్ గారూ, మీ అచ్చిబాబు గారు కులాసాయేనా?" అని. మీ అచ్చిబాబట!

ఈ ఊళ్ళో కొరియర్ వాడు పార్సిళ్ళు తారుమారు చెయ్యకపోతే వాడెవడో నాకు తెలిసేదే కాదు. నేను తెప్పించుకున్న గుర్రపు రౌతుల బొమ్మలు వాడింటికి వెళ్ళాయి. వాడు తెప్పించుకున్న బొమ్మ విమానం ముక్కలు నా ఇంటికొచ్చాయి. మార్చుకోవడానికి వెళ్తే, నా బొమ్మల్ని అప్పటికే అద్దాల అరలో నిలబెట్టి, "ఇవి ఏం చేస్తాయండీ?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు. అప్పటికి వాడు పాత యుద్ధ విమానాలు మాత్రమే కట్టేవాడు. గోరంత పైలెట్ సీటుకి బెల్టు బకిల్ కూడా పెట్టేవాడు. నేను వాడిని సైన్యాల్లోకి దింపాను. వాడు నాకు స్ప్రేతో రంగు కొట్టడం నేర్పాడు. మా ఇంట్లో చెమ్మకి రంగులు ఆరవు, ఆరినా బూజు పడుతుంది. వాడి మేడ మీద గదిలో ఏసీ ఎప్పుడూ నడుస్తుంది. అందుకే నా సైన్యం అక్కడ ఉంది, అంతకు మించి మరేం లేదు.

ఏలూరు నుంచి కాకినాడ దాకా ఈ ఆట ఆడేవాళ్ళం ఇద్దరమే. అందులో ఒకడు మోసగాడు.

అసలు ఉగాది నుంచే వాడి వరస మారింది. రంగు వెయ్యని బొమ్మ బల్ల ఎక్కకూడదన్నది మేమిద్దరం పెట్టుకున్న నియమం. ఈ వేసవిలో వాడు ప్లాస్టిక్ బూడిద రంగులోనే ఉన్న బొమ్మల్ని తెచ్చి బల్ల మీద గుమ్మరించాడు. "తీరిక లేదండి," అన్నాడు. ఆ మూల బల్ల మీద ఒక విమానం రెక్కలు అతకకుండా నెలల తరబడి పడి ఉంది, దుమ్ము పట్టి. మెసేజి పెడితే "సరే" అని ఒక్క ముక్క. మాట్లాడితే గొంతు పైకి రాదు, మనమే వంగి వినాలి, జమీందారు గారితో మాట్లాడుతున్నట్టు. నాలుగు చెరువులు, ఒక ఐసు ఫ్యాక్టరీ ఉంటే ఇంత నెత్తికెక్కాలా?

ఆగస్టు 17, ఆదివారం

ఖాళీ. ఇల్లంతా తిరిగాను. మా ఆవిడ శ్రీసుధ చీపురు చేతికిచ్చింది.

ఆగస్టు 24, ఆదివారం

నిర్ణయించాను. నా పెట్టెలో వాడని సేనాపతి బొమ్మ ఒకటుంది, పొట్ట ముందుకొచ్చిన రాక్షసుడు. వాడిని అచ్చిబాబుగా మారుస్తాను. పుట్టీతో గళ్ళ లుంగీ, చేతుల బనీను, మెడలో ఆ లావు గొలుసు, ఆ మీసం. చూసినవాళ్ళు ఎవరని అడక్కూడదు. దాన్ని తీసుకెళ్ళి, ఆ మేత డీలర్లు కూర్చుని ఉండగా వాడి ఆఫీసు బల్ల మీద పెడతాను. "ఇదిగోనండి మోసగాళ్ళ సేనాపతి," అంటాను. నా సైన్యాన్ని పెట్టెలో సర్దుకుని, తల ఎత్తుకుని దిగి వస్తాను.

చాలా రోజుల తర్వాత మనసు తేలికపడింది.

ఆగస్టు 27, వినాయక చవితి

పందిరి దగ్గర కనిపించాడు. మంచిదే అయింది, దగ్గర నుంచి చూడాలి కదా.

నన్ను చూశాడు. నేరుగా చూశాడు. ముఖంలో ఒక్క గీత కదలలేదు. ఎవడో దారిన పోయేవాడిని చూసినట్టు చూశాడు. ఒళ్ళు భగ్గుమంది. అయినా పని మరిచిపోలేదు. కుడి చెయ్యి మోచేతి దగ్గర మడిచి పొట్టకి ఆనించుకున్నాడు, ఉంగరాలు జనానికి కనపడాలని కాబోలు. నడుస్తున్నప్పుడు ఎడమ చెయ్యి ఊగుతుంది, కుడి చెయ్యి ఊగదు. మెడ కొంచెం ముందుకి. ఇవన్నీ ఫోన్లో రాసుకున్నాను. ప్రసాదం తీసుకోకుండా వచ్చేశాను.

సెప్టెంబర్ 7, ఆదివారం

ఈ సైజు బొమ్మకి ముఖం వెయ్యడమంటే కందిగింజ మీద పని. భూతద్దం దీపం కింద ఊపిరి బిగబట్టి, మూడు వెంట్రుకల బ్రష్షుతో. రంగు గీత దాటిందంటే మొదటికొస్తుంది.

రెండుసార్లు తుడిచేశాను. మొదట ఫోన్లో ఉన్న పాత ఫోటో పెట్టుకున్నాను, వాడి విమానానికి హైదరాబాదు పోటీలో బహుమతి వచ్చినప్పటిది. అందులో కళ్ళు మూసుకుపోయేలా నవ్వుతున్నాడు, పక్కన నేను. ఆ ముఖం దీనికి పనికిరాదు. ఇప్పటిదే కావాలి.

అందుకే వారంగా కాలేజీ నుంచి వస్తూ ఐసు ఫ్యాక్టరీ ఎదురుగా టీ బడ్డీ దగ్గర ఆగుతున్నాను. వాడు చూడడు. వాడు ఎటూ చూడడు, మెడ తిప్పడమే తక్కువ. తన ఫ్యాక్టరీలో తనే జారిపడతానేమో అన్నట్టు చిన్న చిన్న అడుగులు వేస్తాడు. కళ్ళు పెద్దవి చేసుకుని రెప్ప వెయ్యడు. కూలీలు ఐసు దిమ్మలు లారీకి ఎక్కిస్తుంటే ఎదురుగా నిలబడి, వాళ్ళని కూడా అలాగే చూస్తాడు. ఇంతకుముందు వాళ్ళతో పరాచికాలాడేవాడు. పొగరు ఒక్కసారి ఎక్కితే అందరి మీదా ఎక్కుతుంది.

రెప్పలు సరిగ్గా కుదిరాయి. ద్వేషంతో వేస్తే చెయ్యి వణకదని ఇప్పుడే తెలిసింది.

సెప్టెంబర్ 14, ఆదివారం

మహాలక్ష్మమ్మ గారు ఫోన్ చేశారు. అచ్చిబాబు తల్లి.

"ఏం మేష్టారూ, ఆదివారాలు రావట్లేదేంటండీ? మీ గిన్నె బోర్లించే ఉంది," అన్నారు. వాళ్ళింట్లో నాకని నీచు తగలని గిన్నె ఒకటి వేరే ఉంటుంది. పనసపొట్టు కూర అందులోనే వండుతారు.

"కాలేజీ పనులండి," అన్నాను.

"మావాడు మీ బొమ్మల బీరువా ముందు కుర్చీ వేసుక్కూర్చుంటున్నాడు. అడిగితే పలకడు. సరే, మహర్నవమికి మాత్రం రావాలి. మీరు లేకుండా మీవాళ్ళకి బొట్టెలా పెడతానండీ?"

అదొకటుంది. ఆయుధ పూజ రోజు కంప్రెసర్‌కీ, లారీకీ, ఐసు కొక్కేలకీ పెట్టినట్టే ఆవిడ మా సైన్యాలకి కూడా పసుపూ కుంకుమా పెడతారు. "కత్తులూ బల్లేలూ పట్టుకున్నవాళ్ళకి ఆయుధ పూజ చెయ్యకపోతే ఎలాగండీ?" అంటారు. మొదటి ఏడాది నా గుర్రాల నుదుట కుంకుమ చూసి నేను గోల పెట్టాను. అప్పటి నుంచి ఒక్కో బొమ్మనీ తిరగేసి, అది నిలబడే పీట అడుగున బొట్టు పెడుతున్నారు.

వస్తానన్నాను. పూజకి కాదు. బొమ్మ అప్పటికి సిద్ధమవుతుంది, జనం కూడా ఉంటారు.

వాడు బీరువా ముందు ఎందుకు కూర్చుంటున్నాడు? నావి కాజెయ్యాలనా?

సెప్టెంబర్ 21, ఆదివారం

పూర్తయింది. నేను చేసినవాటిలో ఇంతకంటే మంచిది లేదు. వాడే, అచ్చంగా వాడే. ఆ మడిచిన చెయ్యి, ఆ బిగిసిన మొహం, ఎవరినీ లెక్కచెయ్యని ఆ చూపు.

కాఫీ తెచ్చిన శ్రీసుధ భూతద్దంలోంచి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇదేంటండీ, మా పెదనాన్నని చేశారు?"

"మీ పెదనాన్నేంటి? అచ్చిబాబు కదా. మీసం కనపడట్లా?"

"మీసం సరేనండి. ఆ చెయ్యి చూడండి. ఆ మెడ, ఆ కళ్ళు. ద్రాక్షారామంలో పెదనాన్నకి వణుకుడు జబ్బు మొదలైనప్పుడు ఇలాగే ఉండేవారు. వణుకు తర్వాతెప్పుడో వచ్చింది. ముందు ముఖం ఆగిపోయింది. పెద్దవారయ్యారు కదా, గాంభీర్యం వచ్చిందని అందరం అనుకున్నాం. నేనైతే ఆయనకి నామీద కోపమనుకుని ఏడాది పాటు మాట్లాడలేదు." బొమ్మని దీపం వైపు తిప్పి, "అచ్చిబాబు గారు ఇలాగే ఉంటున్నారా?" అంది.

"పొగరు," అన్నాను.

కాఫీ చల్లారిపోయింది.

సెప్టెంబర్ 22

శ్రీసుధకి అందరిలోనూ జబ్బులే కనపడతాయి. మొన్న పాలవాడికి కామెర్లంది.

సెప్టెంబర్ 23

అది కాదు.

సెప్టెంబర్ 25

రంగు వెయ్యని బొమ్మలు. రెక్కలు అతకని విమానం. "సరే" అని ఒక్క ముక్క మెసేజి. గొణుగుడు. పాచిక.

అయితే మాత్రం చెప్పొచ్చుగా! నోట్లో ఏం పెట్టుకున్నాడు? పక్కన కూర్చుని ఇన్నేళ్ళు ఆడినవాడికి చెప్పడానికి కూడా తీరిక లేదా? మోసగాడంటే పడి ఊరుకున్నాడు! నా చేత ఆ మాట అనిపించాడు!

ఇది మరీ పెద్ద మోసం.

అక్టోబర్ 1, మహర్నవమి

బొమ్మని దూదిలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళాను. ఎందుకు పెట్టుకున్నానో చెప్పలేను.

ఫ్యాక్టరీ ఆపేశారు. కంప్రెసర్‌ని కడిగి, బంతిపూల దండ వేసి, నిమ్మకాయలు కట్టారు. అందరూ చుట్టూ నిలబడ్డారు. మహాలక్ష్మమ్మ గారు కుంకుమ పళ్ళెం కొడుకు ముందు పట్టుకున్నారు. మొదటి బొట్టు యజమాని పెట్టాలి. అచ్చిబాబు కుడి చెయ్యి లాల్చీ జేబులోంచి తియ్యలేదు. మెకానిక్ చిట్టియ్య వైపు తల తిప్పి, "ఏడాదంతా మిషన్ని చూసుకునేది నువ్వు. నువ్వే పెట్టు," అన్నాడు. అందరూ మెచ్చుకున్నారు. చిట్టియ్య కళ్ళు తుడుచుకున్నాడు. రాజేంద్ర కూడా, "బావ మనసే వేరు," అన్నాడు.

నేను జేబు వైపే చూశాను. లాల్చీ గుడ్డ అదురుతోంది.

మేడ మీదకి వాడి వెనకే వెళ్ళాను. తలుపు వేశాను. నాలుగు కడిగేద్దామనే వెళ్ళాను. దానికి బదులు దూది విప్పి బొమ్మని బల్ల మీద పెట్టాను.

వాడు వంగి చూశాడు. గళ్ళ లుంగీ చూశాడు. గొలుసు చూశాడు. ముఖం అలాగే ఉంది, కానీ పొట్ట కదలడం మొదలెట్టింది. అప్పటికి నాకర్థమైంది, అది నవ్వు.

"తిట్టడానికి తెచ్చారు కదండీ?" అన్నాడు.

"అవునండి."

"బాగా కుదిరింది. చెయ్యి కూడా అచ్చంగా దింపేశారు." ఎడమ చేత్తో బొమ్మని తీసుకున్నాడు. "రాజమండ్రి డాక్టరు పరీక్షలన్నీ చేసి గాని చెప్పలేదు. మీరు టీ బడ్డీ దగ్గర నిలబడి పట్టేశారు."

చూశాడన్నమాట. అన్ని రోజులూ చూశాడన్నమాట.

"ఎప్పటి నుంచి?"

"ఉగాది ముందు తెలిసిందండి. మందులు వాడుతున్నాను. అమ్మకి చెప్పలేదు. వ్యాపారంలో చెయ్యి వణికిందని తెలిస్తే చాలు, పక్కవాడు కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. రాజేంద్ర అసలే..." ఆగాడు. "ఆ రోజు పాచిక నిజంగా జారిందండి. మళ్ళీ వెయ్యమన్నారు. మళ్ళీ వేస్తే మళ్ళీ జారుతుంది. వాళ్ళు చూస్తున్నారు. ఈలోగా మీరు మోసం అన్నారు. హమ్మయ్య అనుకున్నాను."

"హమ్మయ్యా!"

"రోగిష్టివాడని జాలిపడేకన్నా దొంగ అనడమే నయమనిపించిందండి."

ఒళ్ళు మండిపోయింది. కళ్ళు కూడా మండాయి, గదిలో థిన్నర్ వాసన. "మీకు నయమేనండి! మరి నాకో? మిమ్మల్ని దొంగని చేసి ఇన్నాళ్ళు ఇంట్లో కూర్చున్నాను. రెప్పకి రెప్ప తిట్టుకుంటూ వేశాను దీన్ని! ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయేది?" అని అరిచాను. వాడు నేల చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడే మహాలక్ష్మమ్మ గారు పళ్ళెంతో పైకొచ్చారు. బీరువా తెరిచి నా గుర్రాల్ని ఒక్కొక్కటే తిరగేసి బొట్లు పెట్టారు. తర్వాత బల్ల మీద కొత్త బొమ్మ కనిపించింది. కళ్ళజోడు సర్దుకున్నారు.

"మా అబ్బాయే," అన్నారు. "ఈ మధ్య ఇలాగే నిలబడుతున్నాడు. ఆ చెయ్యి ఎవరికైనా చూపించరా అంటే నామీద ఇంతెత్తున లేస్తాడు. మీరైనా చెప్పండి మేష్టారూ."

నేను అచ్చిబాబు వైపు చూశాను. తర్వాత బీరువా వైపు తిరిగి, నా గుర్రాల్ని లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాను. వెనకాల వాడు తల్లికి చెప్పాడు. గొంతు పైకి రాలేదు, ఆవిడ వంగి వినాల్సి వచ్చింది.

వచ్చేటప్పుడు నా సైన్యాన్ని పెట్టెలో సర్దుకోబోతే ఆవిడే ఆపారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని మాట గట్టిగానే ఉంది. "పూజ చేసిన ఆయుధాలు గడప దాటకూడదండి. ఆదివారం వచ్చి ఆడుకోండి."

నా సైన్యం ఇంకా అక్కడే ఉంది.

అక్టోబర్ 3

వాడి బూడిద రంగు బొమ్మలు మాత్రం నాతో గడప దాటాయి, వాటికి బొట్టు పెట్టలేదట. పెట్టె నిండా ఉన్నాయి. రంగులు వెయ్యాలి. నియమం నియమమే. వాడి సైన్యానికి ఆకుపచ్చా ఊదా కలిపి కొడతాడు, ఆ రంగులు చూస్తేనే నాకు వాంతి వస్తుంది. అవే కలిపాను.

అక్టోబర్ 5, ఆదివారం

వెళ్ళాను. రాజేంద్ర కూడా ఉన్నాడు, ఆ డీలర్లలో ఒకాయన కూడా.

ముందు ఆ పని కానిచ్చాను. "రాజేంద్ర గారూ, ఆ రోజు పాచిక నిజంగానే జారిందండి. నేనే తప్పుగా చూశాను. అచ్చిబాబు గారు మోసం చెయ్యలేదు," అన్నాను. మళ్ళీ ఆ పళ్ళు చూడాల్సి వచ్చింది. "బొమ్మలాటకి ఇన్ని క్షమాపణలేంటండీ," అన్నాడు. వాడి పని ఇంకోరోజు చెబుతాను.

అప్పుడు అచ్చిబాబు కుడి చెయ్యి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. అందరికీ కనపడేలా. అది అదిరింది. "నాకు వణుకు జబ్బండి. ఇకనుంచి నా పాచికలు మేష్టారు వేస్తారు," అన్నాడు. రాజేంద్ర పళ్ళు మూతపడ్డాయి.

వాడి సేనాపతిగా నా బొమ్మనే నిలబెట్టాడు. దాని పీట కింద కుంకుమ ఉంది. సిగ్గులేని మనిషి.

నా గుర్రపుదళం మళ్ళీ వాడి నడిమికి వచ్చింది. సేనాపతి బతకాలంటే ఆరు పడాలి. పాచిక నా చేతిలో ఉంది. వేశాను. ఆరు.

అచ్చిబాబు పాచికని చూశాడు. నన్ను చూశాడు, రెప్ప వెయ్యకుండా.

"మేష్టారూ, అది వెయ్యడం కాదండి, పెట్టడం. మళ్ళీ వెయ్యండి."

మళ్ళీ వేశాను. రెండు. వాడి సేనాపతి చచ్చాడు, సైన్యం చెల్లాచెదురైంది. వాడి పొట్ట ఒకటే కదలడం. వెధవ, ఓడిపోయి ఎంత సంబరపడ్డాడో.

నేను పెట్టలేదు. చెయ్యి జారింది, అంతే.